కనుమ నుంచి వెనక్కి లెక్కపెడితే: ఫ్రీజర్ కోసం పెరట్లో పెంచే మాంసపు కోళ్లు

పాతిక బ్రాయిలర్ పిల్లలను తెచ్చి, ఆరు వారాలు పెరట్లో పెంచి, వాటి మాంసాన్ని ఫ్రీజర్‌లో దాచుకుని వేసవి దాటేదాకా వండుకోవాలన్న కోరిక ఇప్పుడు పల్లెల్లోనూ చిన్న పట్నాల్లోనూ చాలామందికి కలుగుతోంది. కోరిక మంచిదే కాని, పని మాత్రం సాధారణంగా తప్పు కొసనుంచి మొదలవుతుంది. ముందు పిల్లలు వస్తాయి, వాటి వెనుక గూడు, ఆ తరువాత దాణా, టీకాలు వస్తాయి. ఫ్రీజర్ సంగతి కోళ్లను కోసే రోజు సాయంత్రం దాకా ఎవరికీ గుర్తుకు రాదు. నా మొదటి బ్యాచ్‌లో జరిగింది ఇదే. పన్నెండు కోళ్లను ఒకే సాయంత్రం కోసి, మాంసంలో వేడి ఇంకా తగ్గకముందే సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో కుక్కాను. రెండు రోజుల తరువాత చూస్తే అంచున ఉన్న సంచులు రాయిలా గట్టిపడ్డాయి, మధ్యలో ఉన్నవి వేలితో నొక్కితే లోపలికి పోయాయి. వాటిలో నాలుగు పారేయవలసి వచ్చింది. చేతులారా పెంచిన కోడిని పారేయడం డబ్బు నష్టంకన్నా పెద్ద బాధ. అందుకే ఇక్కడ లెక్కను ఫ్రీజర్ దగ్గర మొదలుపెట్టి, పిల్లల పెట్టె ఇంటికి వచ్చే రోజు వరకు వెనక్కి నడుస్తాను.

అసలు ఫ్రీజర్ ఎందుకన్నది ముందు తేల్చుకోవాలి. నాటుకోడిని పెంచిన మన పెద్దలకు ఆ అవసరమే రాలేదు. పెరట్లో తిరిగే కోడే వాళ్ల నిల్వ; చుట్టం వచ్చిన రోజున ఒకదాన్ని పట్టుకుంటే సరిపోయేది, మిగిలినవి మరో నెలైనా మరో ఆరు నెలలైనా అలాగే తిరిగేవి. బ్రాయిలర్‌కు అలా వేచి ఉండే గుణం లేదు. ఆరు వారాలకు రెండు కిలోల దాకా తూగే ఈ కోడిని ఎనిమిది, పది వారాల దాకా ఉంచితే కాళ్లు బరువు మోయలేవు, గుండె ఆ శరీరానికి చాలినంత రక్తాన్ని పంపలేదు, తిన్న మేతలో మాంసంగా మారే భాగం కూడా తగ్గిపోతుంది. పాతిక కోళ్లు దాదాపు ఒకే వారంలో కోతకు వస్తాయి, ఏ ఇల్లూ వారంలో పాతిక కోళ్లు తినదు. కాబట్టి బ్రాయిలర్‌ను ఎంచుకున్నప్పుడే ఫ్రీజర్‌ను కూడా ఎంచుకున్నట్టు లెక్క.

కాని ఫ్రీజర్ గురించి మనం వేసుకునే ప్రశ్నే సరైనది కాదు. ఎంత పడుతుంది అని చూస్తాం. రోజుకు ఎంత మాంసాన్ని గడ్డకట్టించగలదు అని చూడాలి. పాతిక కోళ్లు సగటున రెండు కిలోలు తూగితే, ఈకలు, పేగులు, తల, కాళ్లు పోగా తోలుతో కలిపి సుమారు 70 శాతం, అంటే 35 కిలోలు మిగులుతుంది. ముక్కలుగా కొట్టి చదునుగా సర్దితే దానికి 70 లీటర్ల చోటు దాదాపు సరిపోతుంది. చోటు సమస్య కాదన్నమాట. అయితే ఇళ్లలో వాడే ఫ్రీజర్ తన ప్రతి 100 లీటర్ల పరిమాణానికి 24 గంటల్లో మూడు నుంచి ఐదు కిలోల కొత్త మాంసాన్ని మాత్రమే సరిగా గడ్డకట్టించగలదు. 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ ఉన్నా రోజుకు ఏడు కిలోలు, అంటే ఐదు కోళ్లు. అంతకు మించి వేస్తే లోపలి ఉష్ణోగ్రత పెరిగి, అప్పటికే గడ్డకట్టినది కూడా మెత్తబడుతుంది. మధ్యలోని మాంసం చెడే వేడిలో గంటల తరబడి ఉండిపోతుంది. నెమ్మదిగా గడ్డకట్టిన మాంసంలో మంచు స్ఫటికాలు పెద్దవై కండరాల పోగులను చీలుస్తాయి. అలాంటి మాంసాన్ని కరిగించినప్పుడు గిన్నెలో ఎర్రని నీరు నిలుస్తుంది, కూర పీచుపీచుగా వస్తుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అరను నమ్ముకుని ఈ పని తలపెట్టకూడదు. చాలా వాటిలో ఆ అర మాంసానికి అవసరమైన మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌ను నిలకడగా పట్టి ఉంచలేదు. ఆ ఇంటికి ఐదారు కోళ్లే హద్దు.

ఇక కరెంటు సంగతి. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంటే దాదాపు 48 గంటలు చల్లదనాన్ని కాపాడుతుంది, సగమే నిండినది 24 గంటలు. అందుకే మాంసం తీసిన కొద్దీ ఖాళీ అయిన చోట నీళ్ల సీసాలు పెట్టాలి. ఊరికి వెళ్లే ముందు ఒక గ్లాసు నీటిని గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళితే, తిరిగి వచ్చాక ఆ బిళ్లే సాక్ష్యం చెబుతుంది. బిళ్ల పైనే ఉంటే భయం లేదు, అడుగుకు చేరితే మధ్యలో మంచు కరిగి మళ్లీ కట్టిందని అర్థం, ఆ మాంసాన్ని వండకూడదు.

రోజుకు ఐదే అన్న హద్దు వల్ల ఒక మేలు కూడా ఉంది. కోసిన కోడిని అప్పటికప్పుడు గడ్డకట్టించకూడదు. ప్రాణం పోయిన కొద్దిసేపటికే కండరాలు బిగుసుకుంటాయి; అందులో మిగిలిన శక్తి ఖర్చయ్యే దాకా సాగే ఈ బిగువు కొన్ని గంటల తరువాత మెల్లగా సడలుతుంది. బిగుసుకోకముందే గడ్డకట్టించిన మాంసంలో ఆ శక్తి అలాగే నిలిచి ఉండి, కరిగించేటప్పుడు కండరం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, నీరు వదిలి రబ్బరులా తయారవుతుంది. దుకాణంలో కోయించి గంటలో పొయ్యి మీద పెట్టే అలవాటున్న మనకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ, ఎందుకంటే ఆ మాంసానికి గడ్డకట్టే దశే ఎదురుకాదు. ఫ్రీజర్ కోసం కోసిన కోడిని ముందు మంచునీటిలో ముంచి లోపలి దాకా నాలుగు డిగ్రీలకు దించాలి, ఇది నాలుగు గంటల లోపు జరగాలి; ఆ తరువాత నీరు ఓడ్చి, తుడిచి, ఫ్రిజ్ కింది అరలో 12 నుంచి 24 గంటలు ఉంచాలి. ఈ రోజు కోసిన ఐదు కింది అరలోకి, నిన్నటి ఐదు ఫ్రీజర్‌లోకి వెళతాయి. ఐదు రోజుల్లో పని తెమిలిపోతుంది.

సంచి కట్టేటప్పుడు మనకు శత్రువు గాలి. ఫ్రీజర్‌లోని పొడిగాలి మాంసం పైపొరలోని మంచును నేరుగా ఆవిరిగా లాగేసుకుంటుంది. అక్కడ మాంసం తెల్లబారి, ఎండిన అట్టలా మారుతుంది. సంచిని మూతి మాత్రం పైన ఉండేలా నీళ్ల బకెట్‌లో మెల్లగా దించితే నీటి ఒత్తిడికి గాలంతా బయటికి పోతుంది, అప్పుడు మూతి బిగించాలి. వాక్యూమ్ యంత్రం లేని ఇంటికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. తోలు కూడా ఒక కవచమే. మన దుకాణాల్లో తోలు తీసి ఇవ్వడం రివాజు కాబట్టి ఇంట్లోనూ అలాగే చేస్తారు, కాని నిల్వ చేయదలచిన కోడికి తోలు ఉంచడమే నా సలహా, వండే రోజున తీసేయవచ్చు. ఉప్పు, పసుపు, కారం పట్టించి దాచడం మరో అలవాటు. ఉప్పు కోడి కొవ్వును త్వరగా కమరు వాసనకు తిప్పుతుంది, అందువల్ల వారం, పది రోజుల్లో వండేదానికే అది పనికొస్తుంది. ఏమీ కలపని ముక్కలు తొమ్మిది నెలలు, మొత్తం కోడి ఏడాది దాకా రుచి చెడకుండా ఉంటాయి. కార్జం, కందనకాయలను మూడు నాలుగు నెలల్లో ముగించాలి. గడ్డకట్టించిన లేత కోడిని వండినప్పుడు ఎముక చుట్టూ మాంసం నల్లగా కనిపించి కొందరిని భయపెడుతుంది. ఆరు వారాల కోడి ఎముక ఇంకా గట్టిపడదు, గడ్డకట్టినప్పుడు మూలుగలోని ఎరుపు బయటికి ఊరి, వేడికి నల్లబడుతుంది. అది చెడిన గుర్తు కాదు.

కోత రోజుకు వద్దాం. ఎనిమిది నుంచి పది గంటల ముందు మేత ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. మేత ఎక్కువసేపు ఆపితే పేగు గోడ పలచబడి, తీసేటప్పుడు తెగి మాంసాన్ని పాడుచేస్తుంది; అసలు ఆపకపోతే మెడ కింది సంచి నిండుగా ఉండి అదే ఫలితం వస్తుంది. ఒక్కొక్క కోడిని చీకటిగా ఉన్న వేళ, తొందర పడకుండా పట్టుకుంటే అది రెక్కలు కొట్టుకోదు, మాంసంలో నెత్తురు గడ్డలు ఏర్పడవు. అడుగు కోసిన ప్లాస్టిక్ డబ్బాను గోడకు బిగించి, అందులో కోడిని తలకిందులుగా దించితే దానికీ మనకూ పని సులువవుతుంది. ఏ ఇంటి ఆచారం ప్రకారం కోసినా, రెండు మూడు నిమిషాలు రక్తం పూర్తిగా కారనివ్వడం నిల్వకు అత్యవసరం. ఈకలు పీకడానికి మరిగే నీళ్లు పనికిరావు, తోలు ఉడికి చిరిగిపోతుంది. 60 డిగ్రీల నీటిలో ఒక నిమిషం ముంచితే చాలు. థర్మామీటర్ లేకపోతే మరిగే నీళ్లు ఒక బిందె, కుండలోని మామూలు నీళ్లు ఒక బిందె సమానంగా కలిపితే చలికాలంలో దాదాపు ఆ వేడే వస్తుంది. ఆ పైన మంట మీద కాల్చి పసుపు రుద్దే పాత పద్ధతి నూగు ఈకలను పోగొడుతుంది, కమ్మని వాసననూ ఇస్తుంది. కార్జానికి అంటుకుని ఉండే ఆకుపచ్చని పిత్తాశయాన్ని పగలకుండా తీయడం చేతికి అలవాటు కావలసిన పని, మొదటి రోజు ఐదు కోళ్లతోనే మొదలుపెట్టమనడానికి అది కూడా ఒక కారణం.

ఎప్పుడు కోయాలన్నది కాలాన్ని బట్టి నిర్ణయం కావాలి. కోడికి చెమట పట్టదు; నోరు తెరిచి వగర్చడం ద్వారానే అది వేడిని వదులుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో ఆరో వారపు బ్రాయిలర్ మధ్యాహ్నపు ఎండకు తట్టుకోలేదు, బరువైనవే ముందు చనిపోతాయి. గోనె సంచులు తడిపి కట్టినా, పగలు మేత ఆపినా నష్టం తగ్గుతుందే గాని తప్పదు. కాబట్టి ఇంటి పెంపకానికి వేసవి వదిలేయాలి, ఆ వేసవికి తిండిని జనవరి కోళ్లే సమకూర్చాలి. ఫ్రీజర్ చేసే అసలు మేలు ఇదే, చల్లని నెలలో పెరిగిన కోడిని ఎండ నెలల అవతలికి చేరవేయడం. తెలంగాణలో దసరాకు కోతకు రావాలంటే పిల్లలు ఆగస్టు చివర్లో రావాలి, అవి వానల్లో పెరగాలి. ఊక తడిసి ముద్దయి రక్తపారుడు వచ్చే కాలం అది. కనుమ లెక్క మేలు. డిసెంబరు 3న వచ్చిన పిల్లకు జనవరి 10కి 38 రోజులు నిండుతాయి. ఆ రోజు బరువైన ఐదు పుంజులతో కోత మొదలుపెడితే, చిన్నవైన పెట్టలు కనుమ దాకా పెరిగి చివరి ఐదుగా మిగులుతాయి, పండగ పూట తాజా కూరకూ అవే అందివస్తాయి. ధనుర్మాసంలో మాంసం ముట్టని ఇంట్లో కోత కనుమ నాడే మొదలై నెలాఖరు వైపు సాగుతుంది కనుక పిల్లలు డిసెంబరు 8 ప్రాంతంలో రావాలి.

ఆ ఆరు వారాల్లో దాణా ఎంత కావాలి? చక్కగా పెరిగిన బ్రాయిలర్ కిలో బరువుకు 1.7 కిలోల దాకా మేత తింటుంది. రెండు కిలోల కోడికి 3.4 కిలోలు, పాతికకు 85 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు రెండు. మొదటి పది రోజులు మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ప్రీస్టార్టర్, తరువాత స్టార్టర్, మూడున్నర వారాలు దాటాక ఫినిషర్. బస్తా మీది చీటీ తప్పక చదవాలి. ఏదైనా మందు కలిసి ఉంటే కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో దాని మీద ఉంటుంది, ఆ గడువును ఒక్క రోజు కూడా తగ్గించకూడదు. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు, పక్షులకు వాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. మనుషుల ప్రాణాలు కాపాడే చివరి మందుల్లో అది ఒకటి కావడమే కారణం. జబ్బు లేకుండానే నీళ్లలో యాంటీబయాటిక్ కలపమని ఎవరైనా చెబితే వినకూడదు.

ఇంత చేస్తే డబ్బు మిగులుతుందా అని అడుగుతారు. మిగలదు. పెద్ద కంపెనీలు పిల్లలను తామే పొదిగించి, దాణా తామే మర ఆడించి, మందులు తామే ఇచ్చి, రైతుకు కిలోకు ఇంత అని పెంపకపు కూలి చెల్లిస్తాయి. రెండు బస్తాలు చిల్లరగా కొనే ఇల్లు ఆ ధరతో పోటీపడలేదు. ఏం తిందో, ఏ మందు పడిందో, ఎంత శుభ్రంగా కోశారో తెలిసిన మాంసం కావాలనుకునే వారికే ఈ శ్రమ తగినది.

హార్మోన్ ఇంజెక్షన్ల వల్లనే బ్రాయిలర్ ఇంత త్వరగా పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఇంట్లో పెంచి చూసిన వారికి ఆ అనుమానం దానంతట అదే తీరుతుంది, ఏ సూదీ వేయకుండానే కోడి ఆరు వారాలకు రెండు కిలోలు తూగుతుంది కనుక. దీనికి మూలం తరతరాల ఎంపికలో ఉంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1957, 1978, 2005 నాటి రకాలను ఒకే మేతతో, ఒకే షెడ్డులో పెంచి, ఫలితాలను 2014లో ప్రకటించారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. మేత మారలేదు, పుట్టుక మారింది. కాళ్లు, గుండె ఆ వేగాన్ని పూర్తిగా అందుకోలేకపోయాయన్నది ఇదే కథలోని రెండో భాగం, దాన్ని దాచకూడదు.

ఆ వేగం మనసుకు నచ్చని వారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా ఉంది. రంగు ఈకలతో, చురుకుగా తిరుగుతూ, పురుగునూ ఆకునూ ఏరుకు తినే ఈ కోడి పది, పన్నెండు వారాలకు కిలోంబావు దాటుతుంది. దాన్ని వారం వారం రెండేసి చొప్పున కోసుకోవచ్చు, కాబట్టి డీప్ ఫ్రీజర్ లేని ఇంటికి నేను దీన్నే సూచిస్తాను.

చలికాలపు బ్రాయిలర్‌కు రెండు ప్రమాదాలున్నాయి. చలికి భయపడి గూటి చుట్టూ పట్టాలు పూర్తిగా మూసేస్తే గాలి ఆడక, ఊకలోంచి వచ్చే అమ్మోనియా ఘాటుతో కళ్లు మండి, పొట్టలో నీరు చేరి కోళ్లు చనిపోతాయి. గాలి పిల్లల మీదికి నేరుగా కొట్టకుండా, పైభాగం మాత్రం తెరిచి ఉంచాలి. రెండోది కొక్కెర తెగులు, అంటే రాణిఖెట్. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య దీనికి లసోటా అనే టీకా కంటిలో చుక్కగా, రెండో వారం చివర్లో గంబోరో అనే మరో వైరస్ జబ్బుకు టీకా, నాలుగో వారం లోపు మళ్లీ లసోటా వేయించాలి. నీటిలో కలిపి ఇచ్చే టీకాకు క్లోరిన్ లేని బావి నీరు వాడాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు పెరటి కోళ్ల వారు కూడా భయపడ్డారు, ఆ భయం సరైనదే. కోళ్లు ఉన్నట్టుండి వరుసగా చనిపోతుంటే మిగిలినవాటిని హడావిడిగా కోసి దాచుకోవాలన్న ఆశ కలుగుతుంది. అది ఎంత మాత్రమూ చేయకూడదు. గడ్డకట్టే చలిలో ఆ వైరస్ చావదు, నెలల తరబడి నిలిచి ఉంటుంది. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.

ఇలా వెనక్కి వచ్చి పిల్లల మొదటి రోజుకు చేరాం. 40 గ్రాముల పిల్లకు తన ఒంటి వేడిని కాపాడుకునే శక్తి ఇంకా రాదు. మొదటి వారం దాని వీపు ఎత్తున 35 డిగ్రీలు ఉండాలి, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన పాతికకు 50 వాట్లు చాలు కాని, డిసెంబరు రాత్రులకు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి ఎత్తు మార్చుకోవడం మేలు. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుందే గాని వేడినివ్వదు, ఈ ఒక్క పొరపాటుతో రాత్రికి రాత్రే పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. అట్టతో గుండ్రని కంచె కట్టి, రెండంగుళాల ఎత్తున పొడి ఊక పరిచి, మూడు రోజులు దాని మీద కాగితం వేయాలి, లేకపోతే పిల్లలు ఊకనే మేత అనుకుని తింటాయి. బల్బు కింద గుంపు కడితే చలి, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి, చెదిరి తిరుగుతూ తింటుంటే సరిపోయినట్టు. థర్మామీటర్‌కన్నా ఈ గుర్తులే నమ్మదగ్గవి.

ఫ్రీజర్ 200 లీటర్లదైతే పాతిక పిల్లలు, దానికి ఒకటో రెండో పోవచ్చునన్న లెక్కతో ఇరవై ఆరు, ఇరవై ఏడు అడగాలి. 100 లీటర్లదైతే పన్నెండు. హేచరీకి నవంబరు మధ్యలోనే చెప్పి ఉంచి, మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా వేసిన పిల్లలే కావాలని ఖాయం చేసుకోవాలి. పెట్టె ఇంటికి వచ్చే ముందు రోజు సాయంత్రమే బల్బు వెలిగించి ఊకను వెచ్చబరచాలి. పెట్టె తెరిచాక ఒక్కొక్క పిల్లను చేతిలోకి తీసుకుని, ముక్కును గోరువెచ్చని నీటిలో ఒకసారి తాకించి, అది తల ఎత్తి గుటక వేసిన తరువాతే ఊక మీద వదలాలి.